తాడు కట్టని శనివారం

ఓడ మీద నుంచి, లంగరు దించిన చోట
నవంబరు, 1634, గురువారం

వదినగారికి,

మీ తమ్ముడూ నేనూ ప్రాణాలతో ఉన్నాం. మేం సముద్రంలో చేపలకి మేతైపోతామని మీరు ఊరంతా చెప్పుకు తిరిగారు కదా, అలా జరగలేదని అదే ఊరంతా తిరిగి చెప్పండి.

నేల కనబడుతోంది గానీ ఇంకా దిగలేదు. మగవాళ్ళు రోజూ పడవ వేసుకుని ఒడ్డు వెంట వెళ్ళి చోటు చూసి వస్తున్నారు. నేలకేం కరువు లేదు, కంటికి ఆనినంత మేరా నేలే. కానీ మాకు కావలసింది వట్టి నేల కాదు, ప్రభువు మా సంఘం కోసం అట్టేపెట్టిన చోటు. ఈ తేడా మీకు అర్థం కాదని తెలిసే రాస్తున్నాను. తెల్లంగీ పాదిరి ముందు మోకరిల్లి, ఆదివారం మధ్యాహ్నం పచ్చిక మీద బంతాట ఆడేవాళ్ళకి చోటంటే నాలుగు గోడలూ ఒక పొయ్యీనే.

మా కెప్టెన్ రూక్ అని ఒకడున్నాడు. నోరు తెరిస్తే బూతు. ఈ తీరం అతనికి కొత్త కాదు. ఉత్తరాన ఒక నది సముద్రంలో కలిసే చోట మంచినీటి బుగ్గ ఉందనీ, ఎవరో దున్ని వదిలిన పొలాలున్నాయనీ, అక్కడ దిగితే చలికాలం గట్టెక్కుతామనీ రోజూ అంటున్నాడు. "తాగుబోతు వేలు చూపించిన చోట దేవుని పట్నం కడతామా" అన్నారు మా సంఘ పెద్ద ఒబాడయా థ్రేల్ గారు. అందరం తలలూపాం. అయినా చూసి రావడంలో తప్పు లేదని రేపు అటే బయల్దేరుతున్నారు. చిత్తడిలో పుట్టినవాడు, పడవ సంగతి తెలిసినవాడు అని మీ తమ్ముణ్ణి కూడా రమ్మన్నారు. జోసయాస్ ముఖం ఎంత వెలిగిపోయిందో మీరు చూడాల్సింది.

చోటు కుదరగానే రాస్తాను. వేసవి ఓడలో హిట్టీని పంపండి. తొమ్మిదేళ్ళ పిల్లని మీ చేతిలో పెట్టి వచ్చింది దాని దగ్గు వల్లే గానీ మీ మీద నమ్మకంతో కాదు. క్రిస్మస్ అని చెప్పి పండగ వంటలు తినిపించకండి. గ్రంథంలో లేని పండగ అది. పిల్ల ఆత్మకి మీరు జవాబు చెప్పాల్సి ఉంటుంది.

మీ మరదలు,
తామసిన్


సాల్టర్‌బీ, లింకన్‌షైర్
ఫిబ్రవరి, 1635

మరదలా,

నీ ఉత్తరం చేరింది. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా ఆయన బతికుండగా మాకొక కోడిపెట్ట ఉండేది. గుడ్డు పెట్టడానికి ఇల్లంతా తిరిగేది, ఏ గంపా నచ్చేది కాదు, ఆఖరికి కుక్క పడుకునే చోట పెట్టేది. మీ సంఘం చోటు వెతుకులాట అలాగే ఉంది. ప్రభువు సాల్టర్‌బీలో కూడా మీకొక చోటు అట్టేపెట్టాడమ్మా, దాన్ని ఇల్లంటారు. అది వదిలేసి వెళ్ళారు.

హిట్టీ క్రిస్మస్ రోజున మూడుసార్లు అడిగి మరీ పెట్టించుకుని తింది. ఆ తర్వాత దగ్గు తగ్గింది. ఏది దేనివల్ల జరిగిందో నువ్వూ మీ థ్రేలూ కూర్చుని తేల్చుకోండి. నిన్న వల బాగుచేస్తుంటే పక్కన కూర్చుని, "అత్తా, దేవుడి చోటు దొరికేసరికి నాకెన్నేళ్ళొస్తాయి" అని అడిగింది. "మీ నాన్న చిన్నప్పుడు పోగొట్టుకున్న టోపీ ఇంకా దొరకలేదు, తొందరపడకు" అన్నాను.

నాకు యెరూషలేము గురించి రాయొద్దు. బావి గురించి రాయి. నీళ్ళు తియ్యగా ఉన్నాయా, కట్టెలు దగ్గరలో ఉన్నాయా, చలిగాలి ఏ వైపు నుంచి కొడుతుంది. ఈ మూడూ తెలియకుండా పిల్లని ఓడ ఎక్కించను. నీకు కోపమొస్తే రానీ, నీ కోపానికి మూడు నెలల దూరం ఉంది.

ఇక్కడ రాజుగారి మనుషులు దిగారు. గొలుసులు పట్టుకుని మన చిత్తడంతా కొలుస్తున్నారు. నీళ్ళు తోడేసి గోధుమలు చల్లుతారట. నేను నా పడవలో, నా వలల మధ్యలో నిలబడి ఉండగానే ఒకడు 'ఖాళీ నేల' అని కాగితం మీద రాసుకున్నాడు. "ఏమయ్యా, నేను కనబడటం లేదా" అన్నాను. "నువ్వు కనబడుతున్నావు, నీ పట్టా కనబడటం లేదు" అన్నాడు. పాముచేప ఒకటి వాడి బూటులో వేసి వచ్చాను. నీ భాషలో అది పాపమే అనుకో.

జోసయాస్‌ని నాలుగు ముక్కలు రాయమను. వాడి దస్తూరీ కోడి గెలికినట్టుంటుంది, అయినా సరే.

అర్సులా


ఏలీము
మే, 1635

వదినగారికి,

దేవుని కృప వల్ల చోటు దొరికింది. మేం ఎంచుకోలేదు, ప్రభువే మమ్మల్ని తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఈ ఊరికి ఏలీము అని పేరు పెట్టాం. ఐగుప్తు విడిచి వచ్చిన ఇశ్రాయేలీయులకి పన్నెండు నీటి బుగ్గలూ డెబ్బై ఈత చెట్లూ దొరికిన చోటు పేరది. మీరు ఆదివారం చర్చిలో నిద్రపోతారు గనక వివరంగా రాస్తున్నాను.

ఇది సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల. మూడు వైపులా నీళ్ళే. శత్రువు భయం లేదు. మధ్యలో మందిరం కట్టాం. మందిరానికి అరమైలు దాటి ఎవరూ ఇల్లు కట్టకూడదని నిబంధన పెట్టుకున్నాం, దానివల్ల అందరం ఒకరి కంటి ముందు ఒకరం ఉంటాం. పడవని ప్రభువు తనకే తీసుకున్నాడు, ఇక వెనక్కి చూడవద్దని అదొక సూచన. చలికాలంలో కొందరు విశ్రాంతిలోకి వెళ్ళారు. సణుగుడు లేదు.

నీళ్ళ సంగతి అడిగారు. జీవజలం ఎన్నటికీ ఎండిపోదు.

ఆగస్టు ఓడలో థ్రేల్ గారి తమ్ముడు గిడియన్, మిగతా కుటుంబాలూ బయల్దేరుతారు. హిట్టీని వాళ్ళకి అప్పగించండి. ఇది తల్లి మాటే కాదు, సంఘం మాట.

తామసిన్ పెల్


సాల్టర్‌బీ
జులై, 1635

తామసిన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో నువ్వు లేవు. నా మరదలు తిట్టేటప్పుడు కూడా ముద్దొచ్చేలా తిడుతుంది. ఇది ఎవరో మీసాలవాడు నీ చేతిని పట్టుకుని రాయించినట్టుంది.

ప్రభువు పడవని తనకే తీసుకున్నాడా. నీళ్ళ మీద నడిచినవాడికి పడవెందుకమ్మా. ఏరు దాటాక తెప్ప తగలేసే వాళ్ళని చూశాను గానీ, దాటకముందే పోగొట్టుకుని పాట పాడే వాళ్ళని ఇప్పుడే వింటున్నాను. చిత్తడిలోంచి లేచి సముద్రం దాటి వెళ్ళి మళ్ళీ చిత్తడిలోనే కూర్చున్నారు. మూడు వైపులా ఉప్పునీళ్ళు, నాలుగో వైపు థ్రేలు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. బావి ఉందా అని అడిగితే జీవజలం అని రాశావు. బావి లేదని నాకు అర్థమైంది.

మొన్న గిడియన్ థ్రేల్ వచ్చాడు. ఆ దర్జీ గిడియనే, అన్నగారి ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దమ్మగారూ, ఏలీములో పన్నెండు బుగ్గలున్నాయట. పిల్లని మాతో పంపండి."

"ఎవరు లెక్కపెట్టారు?"

"గ్రంథంలోనే ఉంది కదండీ."

"గ్రంథంలో ఉన్న ఏలీము సంగతి నాకూ తెలుసు గిడియనూ. మీ అన్న కూర్చున్న ఏలీములో ఏముందో అది చెప్పు."

"విశ్వాసం ఉన్నచోట అన్నీ ఉంటాయండీ."

"అయితే రేపటి నుంచి నా గౌను విశ్వాసంతో కుట్టు, దారం పెట్టకు" అని తలుపు వేశాను.

నవ్వులాట అయిపోయింది. ఇప్పుడు అసలు మాట. మొదటి ఉత్తరంలో జోసయాస్ గురించి మూడు వాక్యాలున్నాయి. రెండో దాంట్లో ఒక్క అక్షరం లేదు. వాడి చేత ఒక్క ముక్క రాయించు. వాడి గెలుకుడు నా కంటితో చూసేదాకా పిల్ల ఈ గడప దాటదు. సంఘం మాట సంఘానికే చెప్పుకో.

ఇంకొకటి కూడా చెప్పేస్తున్నాను, దాచి లాభం లేదు. హిట్టీ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఉండదు. నీళ్ళ కోసం ఒక వంతూ, అందుకోసం ఒక వంతూ పంపను అంటున్నాను. నువ్వు తల్లివి, ఎలాగూ కనిపెడతావు.

అర్సులా


ఏలీము
సెప్టెంబరు, 1635

వదినా,

ఈ ఉత్తరం చేపల ఓడవాడి చేతిలో పెడుతున్నాను. ఉప్పు పీపాలో దాచి తెస్తానన్నాడు. నన్ను కూడా తీసుకెళ్ళమని బతిమాలితే, ఆడది పడవెక్కితే చేప పడదన్నాడు. వాడూ ఒక థ్రేలే. కిందటి ఉత్తరం థ్రేల్ నా భుజం వెనక నిలబడి చెప్పి రాయించాడు. ఇక్కడి నుంచి వెళ్ళే ప్రతి కాగితం అతను చదువుతాడు.

జోసయాస్ చేత రాయించలేను వదినా. కిందటి నవంబరులోనే పోయాడు.

పోయే ముందు నాకు అంతా చెప్పాడు. అతను చెప్పినట్టే రాస్తున్నాను. శుక్రవారం బయల్దేరారు. శనివారం సాయంత్రానికి నది నోరు కంటికి కనిపించింది, కెప్టెన్ చెప్పిన బుగ్గ పక్కన పచ్చదనం కూడా కనిపించింది. ఇంకొంచెం తెడ్డు వేస్తే చేరిపోతారు. థ్రేల్ సూర్యుణ్ణి చూశాడు. శనివారం పొద్దు గుంకితే విశ్రాంతిదినం మొదలవుతుంది, ఆ తర్వాత తెడ్డు వేయడం పాపం. ఎదురుగా ఏ నేల ఉంటే ఆ నేలకి పడవ పట్టించాడు. అదే ఈ బురద నాలుక. అందరూ దిగారు. జోసయాస్ తాడు తీసుకుని ఒక మొద్దు దగ్గరికి వెళ్ళాడు.

"తాడు వదులు జోసయాస్, పొద్దు గుంకింది."

"ఒక్క ముడేనండీ."

"ఒక్క ముడైనా నూరు ముళ్ళైనా పని పనే."

"పోటు వస్తుందండీ. మా ఊళ్ళో ఇలా వదిలిన పడవ మర్నాడు కనబడదు."

"మీ ఊళ్ళో ప్రభువు లేడు, ఇక్కడున్నాడు."

మీ తమ్ముడు తాడు కింద పెట్టాడు. అందరూ కూర్చుని కీర్తన ఎత్తుకున్నారు. పోటు వచ్చింది. పడవ లేచింది, తిరిగింది, వెళ్ళడం మొదలుపెట్టింది. లంగరూ, కెటిలూ, గొడ్డళ్ళూ అందులోనే ఉన్నాయి. అందరూ చూస్తున్నారు, ఎవరూ పాట ఆపలేదు. జోసయాస్ ఒక్కడే లేచి బట్టలతోనే నీళ్ళలోకి వెళ్ళాడు. చెయ్యి పడవ అంచుకి తగిలిందట. పట్టు దొరకలేదు. ఒణుకుతూ తిరిగి వస్తే నిప్పు రాజేయడం కూడా పనే అన్నాడు థ్రేల్. తడిబట్టలతో తెల్లవార్లూ, మళ్ళీ ఆదివారం పొద్దు గుంకేదాకా అలాగే కూర్చోబెట్టారు.

వాళ్ళు తిరిగి రాకపోతే కెప్టెన్ రూక్ ఓడ వేసుకుని వెతుక్కుంటూ వచ్చాడు. పడవ పోయిందని విని అతను తిట్టిన తిట్లు ఈ తీరం మీద ఇంకా ఎక్కడో తగులుకుని ఉంటాయి. ఉన్న పెద్ద పడవ పోగొట్టారు, మీ కోసం ఇంక ఒక్క పూట కూడా ఆగను అని మమ్మల్నీ సామాన్లనీ ఇక్కడే దించి పోయాడు. థ్రేల్ మోకాళ్ళ మీద పడి, చూశారా, ఇదే ఆయన ఎంచిన చోటు అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ కుందేలు మీద మేమంతా ఊరు కట్టుకున్నాం.

జోసయాస్ రొమ్ము పట్టేసి వారం తిరక్కుండా పోయాడు. విశ్రాంతిదినం చెడగొట్టినందుకు ప్రభువు కొట్టాడని థ్రేల్ మందిరంలో చెప్పాడు. నన్ను లేచి అవునని ఒప్పుకోమన్నాడు. నేను లేవలేదు. జోసయాస్‌ని సమాధుల దడికి అవతల పూడ్చారు. ఒంటరి ఆడది సొంతంగా ఉండకూడదని నన్ను థ్రేల్ ఇంట్లోనే పెట్టారు, అతని కాలర్లు ఉతుకుతున్నాను.

తాగేది గుంటలో నీళ్ళు. పోటు ఉన్నప్పుడు ఉప్పు, లేనప్పుడు బురద. వడ్రంగి చలికాలంలో పోయాడు. బతికి ఉన్నా థ్రేల్ పడవ కట్టనిచ్చేవాడు కాదు, పడవ ఉంటే మనసు అవతలి ఒడ్డుకి పోతుందట. నడిచి వెళ్ళాలంటే నడుము లోతు బురద. గాలి తేటగా ఉన్నరోజు ఆ పచ్చదనం ఇక్కణ్ణుంచి కనబడుతుంది. అవతల నుంచి ఒక ముసలామె చెట్టు బెరడు పడవలో ఆలుచిప్పలు తెచ్చి సూదులకి మార్చుకుంటుంది. ఒకసారి మా గుంట నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. తర్వాత మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది వదినా, అప్పటికి చాలా రోజులైంది. ఆమె పడవలో ఆమే, ఆమె బుట్టే పడతాయి.

హిట్టీని పంపకండి. ఎవరు అడిగినా, నా పేరుతో ఏ కాగితం తెచ్చినా పంపకండి. దానికి మీరు క్రిస్మస్ వంటలే పెట్టండి.

తామసిన్


సాల్టర్‌బీ
జనవరి, 1636

తామసిన్,

ఇది ఆ ఉప్పు పీపాలవాడి చేతికే ఇస్తున్నాను.

జోసయాస్‌ని ఎత్తుకుని పెంచింది నేను. మా అమ్మకి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. ఈత నేర్పిందీ నేనే. నేర్పకపోతే దిగేవాడు కాదు కదా అని ఒక రోజంతా ఏడ్చాను. మర్నాడు కళ్ళు తుడుచుకున్నాక అనిపించింది, పడవ పోతుంటే ఒడ్డున కూర్చుని పాడే తమ్ముడు నాకెందుకు. వాడు నా తమ్ముడే.

హిట్టీకి నేనే చెప్పాను. "మిగతావాళ్ళు ఏం చేశారు" అని అడిగింది. పాడారన్నాను. లేచి వెళ్ళి పడవ తాడు తెచ్చుకుని కుర్చీ కాలికి ముడి వేయడం మొదలుపెట్టింది. విప్పడం, మళ్ళీ వేయడం. "ఇది గట్టిగా ఉందా అత్తా" అని ప్రతిసారీ చూపించింది. దీపం పెట్టే వేళకి గానీ ఏడవలేదు.

గిడియన్ వాళ్ళ ప్రయాణం వాయిదాల మీద వాయిదాలు పడి మార్చికి వచ్చింది. కిందటి వారం కొట్టంలో సంఘాన్ని కూడగట్టి అన్నగారి కొత్త ఉత్తరం చదివాడు. బుగ్గలు, ఈత చెట్లు, కృప. అయిపోగానే నేను లేచాను.

"నువ్వు మా సంఘం కాదు పెద్దమ్మా" అన్నాడు గిడియన్.

"కాదు. అందుకే నాకు చదువుకునే తీరిక ఉంది" అని నీ ఉత్తరం చదివాను.

జోసయాస్ పోయాడన్న చోట ఆడవాళ్ళు ముక్కు చీదారు. బావి లేదన్న చోట మగవాళ్ళు నేల చూశారు. గిడియన్ అన్నిటికీ ఒక వాక్యం చెబుతూనే ఉన్నాడు. అప్పుడు వెనక నుంచి రెల్లు కోసే స్టీవెన్ క్లే లేచాడు. అతను మాట్లాడగా ఈ ఊరు విని చాలా ఏళ్ళైంది.

"తాడు కట్టలేదా?"

"కట్టలేదు" అన్నాను.

"పడవకా?"

"పడవకే."

"పోటు వచ్చే చోట?"

"పోటు వచ్చే చోటే."

స్టీవెన్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. అతని వెనక మరో రెండు కుటుంబాలు. మన ఊళ్ళో దొంగని క్షమిస్తారు, తాగుబోతుని క్షమిస్తారు, పోప్‌ని కూడా ముసలాడు పోనీలే అంటారు. పడవ కట్టనివాణ్ణి మాత్రం ఎవరూ క్షమించరు. గిడియన్ ఇంకా ఏవో వాక్యాలు చదువుతూనే ఉన్నాడు, గొడ్లు విన్నాయి.

మన చిత్తడి అయిపోయింది తామసిన్. కాలవ నా ఇంటి వెనక నుంచే తవ్వారు. వలల్లో పాముచేప పడి రెండు నెలలైంది. నా పడవ బురదలో ఆనుకుని పడుంది. అది నా కంట పడినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది.

అందుకని దాన్ని తీసుకుని వస్తున్నాను. మార్చి ఓడ, స్టీవెన్ వాళ్ళూ నేనూ హిట్టీనూ. పడవని ఓడ మీద బోర్లా వేసి కట్టిస్తున్నాను. నా చేత ప్రార్థన చేయించాలని చూడకు. మీ ఏలీములో అడుగు పెట్టను. ఆ పచ్చదనం ఉందన్నావే, అక్కడ దిగుతాం. అది ఖాళీ నేల అని మాత్రం నాకు చెప్పొద్దు. నా చిత్తడిని కూడా ఖాళీ అనే రాశారు.

పంపకండి అని రాశావు. పంపడం లేదు. తీసుకొస్తున్నాను.

అర్సులా


నది నోటి దగ్గర, నీకు కనబడే ఒడ్డు నుంచి
జూన్, 1636, శుక్రవారం

తామసిన్,

ఈ కాగితం మీ ఆలుచిప్పల ముసలామె బుట్టలో వస్తుంది. ఆమె బలే మనిషి. నేల ఆమె మనుషులది. పొలాలు దున్నినవాళ్ళు జబ్బొచ్చి పోయారు గానీ వాళ్ళ చుట్టాలు పోలేదు. దిగకముందే చేతి సైగలతో అడిగాను. మా కెటిల్ ఇచ్చాను, బుగ్గకి ఈ వైపు ఈ పంటకి మాత్రం చేసుకోమన్నారు. పంట అయ్యాక మళ్ళీ అడగాలి. అడుగుతాను, నోరేం అరిగిపోదు.

నీళ్ళు తియ్యగా ఉన్నాయి. కట్టెలు దగ్గరే. గాలి ఉత్తరం నుంచి కొడుతుంది, కొండ అడ్డం ఉంది. ఏడాది పైన అయింది, నేను అడిగినవి ఇవే.

గిడియన్ ప్రయాణం మళ్ళీ వాయిదా పడింది, కాబట్టి మేం వచ్చిన సంగతి మీ థ్రేల్‌కి ఇంకా తెలియదు. మామూలు రోజు వస్తే అతను మనుషుల్ని పెట్టి నిన్ను ఆపిస్తాడు, పడవ లాక్కుంటాడు. కాబట్టి ఆదివారం వస్తాను, అతను ప్రసంగం సగంలో ఉన్నప్పుడు. లేచి ఒడ్డుకి నడిచి రా. పరుగెత్తకు, మూట తేకు. నిన్ను పట్టుకోవాలంటే వాళ్ళు పని చేయాలి. ఏ పుణ్యాత్ముడు ముందు పాపం చేస్తాడో చూద్దామని నాకు చాలా సరదాగా ఉంది.

హిట్టీ పొడుగైంది. పడవ తాడు తానే పట్టుకుంటుందట, నన్ను ముట్టుకోనివ్వడం లేదు. ముందు దడి అవతలికి వెళ్ళాలంది.

అక్కడున్న మిగతావాళ్ళ సంగతి కూడా ఆలోచించాను. దాహమేసినవాడు ఎవడు ఒడ్డుకొచ్చి చెయ్యి ఊపినా వెళ్ళి తెస్తాను. థ్రేల్ ఊపినా సరే. తిట్టుకుంటూ వెళ్తాను, అది వేరే సంగతి.

అర్సులా


ఏలీము
శనివారం, పొద్దు గుంకక ముందు

సంఘ పెద్ద ఒబాడయా థ్రేల్ గారికి,

రేపు రాయడం పని గనక ఇవాళే రాసి మీ నీళ్ళ కూజా కింద పెడుతున్నాను. చదవడం కూడా పనేనేమో, సోమవారం చదవండి.

మీ కాలర్లన్నీ ఉతికి ఆరేశాను. ఉప్పునీళ్ళలో ఉతికినవి, మెడ ఒరుసుకుంటాయి. ఇన్నాళ్ళూ ఒరుసుకుంటూనే ఉన్నాయి, మీరది ప్రభువు పెడుతున్న పరీక్ష అనుకున్నారు. మంచినీళ్ళు లేకపోవడం అది.

మీరిది చదివేసరికి చూసే ఉంటారు. ప్రసంగం మధ్యలో కిటికీలోంచి పడవ కనబడుతుంది, నేను లేచి వెళ్తాను. నన్ను ఆపాలంటే పరుగెత్తాలి, బురదలో దిగాలి, తాడు లాగాలి. అన్నీ పనులే. ఆ శనివారం కూర్చున్న మీరు రేపు కూడా కూర్చోగలరు. కీర్తన ఎత్తుకోండి, మీకు అలవాటే.

దడికి అవతల మేం కాసేపు ఆగుతాం. నా కూతురు తండ్రిని చూడాలంది. అతను పాపం చేశాడని ఒప్పుకోమని నన్ను అడిగారు, జవాబు ఇవ్వలేదని కోపగించుకున్నారు. ఇప్పుడిస్తున్నాను. మీ అందరిలో ఆ రోజు ప్రభువు పని చేసింది అతనొక్కడే. మిగతావాళ్ళు సెలవు తీసుకున్నారు.

అవతల నీళ్ళు తియ్యగా ఉన్నాయి. దాహమైనవాళ్ళు ఒడ్డుకొచ్చి చెయ్యి ఊపితే మా వదిన వస్తుంది, ఏ వారమైనా సరే. మీరు ఊపినా వస్తుంది. నోరు మంచిది కాదు, మీరే ఓర్చుకోవాలి. పడవ ఎక్కడుందో వెతకక్కర్లేదు, కట్టిన చోటే ఉంటుంది.

తామసిన్ పెల్,
జోసయాస్ భార్య